చర్చిలో వివక్ష పోవాలంటే సంఘం ఏం చేయాలి? మా సంఘం అనుభవం

జాతి వివక్షను ఎదిరించడానికీ, అన్ని వర్గాలవారినీ కలుపుకోవడానికీ క్రైస్తవ సంఘాలు ఏం చేయగలవని మీరు అడిగారు. మన ప్రాంతంలో ఆ ప్రశ్న కులం రూపంలోనే ఎదురవుతుంది గనుక, విజయనగరం జిల్లాలోని ఒక బాప్టిస్టు సంఘానికి ఆరేళ్లు కార్యదర్శిగా పనిచేసిన అనుభవంతో జవాబు రాస్తున్నాను. ప్రసంగంలో సమానత్వం గురించి ఎంత చెప్పినా, ఎవరు వండినది ఎవరు తింటున్నారు, కానుకల పెట్టె తాళం ఎవరి చేతిలో ఉంది అన్న రెండు విషయాలు మారనంత వరకు సంఘం మారినట్టు కాదని నేను నమ్ముతున్నాను.

మా సంఘాన్ని కట్టినవి మాల కుటుంబాలు; నేనూ వాటిలో ఒకదానికి చెందినవాడినే. పురపాలక సంఘంలో పారిశుద్ధ్య పనిచేసే రెల్లి కుటుంబాలు రెండు తరాలుగా మాతో పాటే ఆరాధనకు వస్తున్నాయి. వెనుక కూర్చోమని వారికి ఎవరూ చెప్పలేదు, అయినా వారు గుమ్మం దగ్గరి చాపల మీదనే కూర్చునేవారు. ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) నాడు ద్రాక్షారసపు పళ్లెం ముందు బెంచీల నుంచి బయలుదేరి అందరికంటే చివర వారిని చేరేది. ప్రేమవిందు రోజున ఆ ఇళ్ల స్త్రీలు అంట్లు తోమేవారు గాని, వారిని పొయ్యి దగ్గరకు పిలిచినవారు లేరు. ఒక క్రిస్మస్‌కు వంట తామే చేస్తామని వారు అడిగితే, వంటవాళ్లకు ముందే బయానా ఇచ్చేశామని కమిటీ జవాబిచ్చింది. మరుసటి ఏడాదీ అదే జవాబు. ఆ రెండు తీర్మానాలనూ మినిట్స్ పుస్తకంలో రాసింది నేనే. బయానా ఎవరికీ ఇవ్వలేదని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

"కొందరు నొచ్చుకుంటారు, తొందరపడవద్దు" అని ఆనాడు ఒక పెద్ద అన్న మాట, తర్వాత దక్షిణాఫ్రికా చరిత్ర చదువుతున్నప్పుడు నాకు గుర్తుకు వచ్చింది. అక్కడి డచ్ రిఫార్మ్‌డ్ చర్చి, రంగు భేదం లేకుండా అందరికీ కలిపే ప్రభువు బల్ల ఇవ్వాలని 1829లో తీర్మానించింది. 1857లో మాత్రం, కొందరు తెల్లవారి బలహీనతను బట్టి తెల్లవారు కాని విశ్వాసులకు వేరుగా ఆరాధన జరపవచ్చని ఒప్పుకుంది. 1881 నాటికి వారికి వేరే సంఘమే ఏర్పడింది, ఆ వేరుపాటును సమర్థించే బోధ కూడా క్రమంగా పుట్టుకొచ్చింది. అలా వేరుచేయబడిన సంఘమే 1982లో బెల్హార్ విశ్వాస ప్రకటనను రూపొందించి, 1986లో ఆమోదించి, మనుషులను బలవంతంగా విడదీసే బోధను తిరస్కరించింది. ఒకరిద్దరు నొచ్చుకుంటారన్న మొహమాటం వంద సంవత్సరాలకు పైగా ఎంత దూరం తీసుకుపోయిందో చూడండి.

మా దగ్గర మార్పు బైబిలు స్టడీలో మొదలయింది. గలతీయులకు రాసిన పత్రిక రెండవ అధ్యాయంలో, అంతియొకయలో అన్యజనులతో, అంటే యూదులు కానివారితో, కలిసి భోజనం చేస్తున్న కేఫా (పేతురు) కొందరికి భయపడి వెనుకకు తగ్గితే, పౌలు అందరి ఎదుట అతన్ని నిలదీశాడు. ఆ భాగం చదివాక ఒక యువకుడు, "మనం ఎవరింట్లో తినడం లేదు?" అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. తర్వాతి నెల నుంచి ఇంటి ప్రార్థనలను వంతుల వారీగా అన్ని ఇళ్లలోనూ పెట్టి, ప్రార్థన అయ్యాక ఆ ఇంటివారు వండినదే అందరూ కూర్చుని తినాలని నిర్ణయించాము. మొదట్లో ఒకరికి షుగరు, ఇంకొకరికి ఉపవాసం అడ్డు వచ్చాయి. పాస్టరు గారు, ఆయన భార్య ముందుగా విస్తరి ముందు కూర్చున్నాక ఆ సాకులు తగ్గాయి.

భోజనం ఒక్కటే చాలదు. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు పంపిణీలో అన్యాయం జరిగినప్పుడు ఏర్పరచుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే నష్టపోయినవారి వైపు మనుషులకే పంపిణీ అప్పగించారని నేను అర్థం చేసుకుంటాను. మేమూ కానుకలు లెక్కపెట్టే ముగ్గురిలో ఒకరిని, పెద్దలలో ఇద్దరిని రెల్లి కుటుంబాల నుంచి ఎన్నుకున్నాము.

సీతంపేట కొండల నుంచి సవర గిరిజన విశ్వాసులు కూటాలకు వస్తే వారి భాషలో ప్రార్థన చేయించండి. మన శ్రీకాకుళం బిడ్డ గిడుగు రామమూర్తి గారు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన భాష అది. మరొక సంగతి కూడా గుర్తుంచుకోవాలి: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవ్యం స్వీకరించిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో వారు బీసీ-సీ కిందికి వస్తారు. అందువల్ల సంఘపు రిజిస్టరులో పేరు రాయించుకోవడానికి జంకే పేదవారిని వేదిక మీద నుంచి నిందించకండి.

ఈ మార్పులు నచ్చక మూడు కుటుంబాలు మా సంఘాన్ని విడిచి వెళ్లాయి. వారిలో నా చిన్ననాటి స్నేహితుడూ ఉన్నాడు. పెళ్లిళ్ల దగ్గర మేము ఇంకా ఆగిపోయే ఉన్నాము. ఈ ఏడాది ఒక మాల అబ్బాయి, ఒక రెల్లి అమ్మాయి తమ పెళ్లి సంగతి పెద్దల ముందుకు తెచ్చారు. అమ్మాయి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. అబ్బాయి ఇంటికి పాస్టరు గారితో కలిసి నేను ఇప్పటికి రెండుసార్లు వెళ్లాను, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మళ్లీ వెళ్తున్నాము.