హీటర్ ప్లగ్ లైటు ఆరుతోంది, వ్యాను మాత్రం అందుకోవడం లేదు

ప్రశ్న: మాది నర్సీపట్నం. ఓ పాత డీజిల్ వ్యాను (12 వోల్టులు, నాలుగు సిలిండర్లు) లంబసింగి ట్రిప్పులకు తిప్పుతున్నాం. రాత్రి చింతపల్లిలో ఆపితే తెల్లవారుజామున నాలుగింటికి స్టార్ట్ కాదు. టూరిస్టులేమో చెరువులవేనం దగ్గర మబ్బులు చూడాలని తొందరపెడుతుంటారు. సెల్ఫ్ కొట్టగా కొట్టగా గుప్పున తెల్లపొగ వదిలి, కాసేపు వణికి అప్పుడు అందుకుంటుంది. కింద మా ఊళ్లో మధ్యాహ్నం పూట ఏ ఇబ్బందీ లేదు. నాలుగు హీటర్ ప్లగ్గులూ (స్టార్ట్ చేసేముందు ఇంజన్ లోపల వేడి పుట్టించేవి) కొత్తవి వేయించాం, లాభం లేదు. డ్యాష్‌బోర్డులో కాయిల్ గుర్తు లైటు మామూలుగానే వెలిగి ఆరుతోంది. ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిపే ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌లోని తప్పుల కోడ్‌లు చదివేది) కొంటే తప్పు ఎక్కడుందో తెలుస్తుందా?

జవాబు: కొనకండి. స్కానర్ అడిగినదానికి జవాబు చెప్పాలంటే బండిలో కంప్యూటర్ ఉండాలి. మీ పాత వ్యానులో ఉండేవి ఒక టైమరు, ఒక రిలే (ప్లగ్గులకు పెద్ద కరెంటును వదిలి ఆపే స్విచ్చు), ఒక పెద్ద ఫ్యూజు, నాలుగు ప్లగ్గులు, వాటిని కలిపే తీగలు. ఆ డబ్బుతో ఓ మామూలు మల్టీమీటర్, 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంపు సమకూర్చుకోండి, చాలు.

ముందు ఆ లైటు సంగతి. చాలా పాత వ్యాన్లలో అది టైమరు చెప్పినట్టు వెలిగి ఆరుతుందే తప్ప, ప్లగ్గులు వేడెక్కాయో లేదో దానికి తెలియదు. నాలుగు ప్లగ్గులూ పీకి జేబులో వేసుకున్నా అది వెలిగి ఆరవచ్చు. కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి.

తెల్లపొగ మాత్రం నమ్మదగ్గ సాక్షి. అది కాలని డీజిల్. సిలిండర్లోకి డీజిల్ వస్తోంది, అంటుకోవడానికి వేడి చాలడం లేదు. ఈ పాత ఇంజన్లలో డీజిల్ ముందు ఓ చిన్న గదిలో పడుతుంది. చల్లటి ఇనుము ఆ గదిలోని గాలి వేడిని పీల్చేస్తుంది, అందుకే అక్కడ ప్లగ్గు పెట్టారు. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో ప్లగ్గులు సరిగా పనిచేయకపోయినా ఇంజన్ ఎలాగోలా అందుకుంటుంది. లంబసింగి చలిలో ఆ పప్పులుడకవు.

ప్లగ్గులు కొత్తవే అంటున్నారు కనుక నా అనుమానం వాటిదాకా వచ్చే కరెంటు మీద. మెకానిక్కులు కూడా తరచూ పొరబడే చోటు ఇదే. ప్లగ్గు వైరు ఊడదీసి, మీటరు పెట్టి, 12 వోల్టులు చూపించగానే ‘కరెంటు వస్తోంది’ అనేస్తారు. లోడ్ లేనప్పుడు, అంటే ప్లగ్గు కరెంటు లాగనప్పుడు, చిలుము పట్టి ఒక్క పోగు మిగిలిన తీగ కూడా 12 చూపిస్తుంది. అసలు పరీక్ష ప్లగ్గులు కరెంటు లాగుతున్నప్పుడే. ఒక్కో ప్లగ్గు మొదటి క్షణంలో 20 ఆంపియర్ల దాకా లాగి, వేడెక్కాక పది, పన్నెండు దగ్గర నిలబడుతుంది. నాలుగూ కలిపితే 40 పైనే. అంత కరెంటు పారేటప్పుడు దారిలో చిన్న అడ్డున్నా వోల్టేజి అక్కడే దిగిపోతుంది.

కిందటేడు చలికాలం మా మేనమామ వ్యానుకు ఇదే రోగం. షెడ్డులో రెండుసార్లు ప్లగ్గులు మార్చారు. నేను వెళ్లి వైర్లేవీ ఊడదీయకుండానే కొలిచాను. మామయ్య తాళం తిప్పి పట్టుకుంటే బ్యాటరీ మీద 11.7, ప్లగ్గులను కలిపే రేకు మీద 8.9. దాదాపు 3 వోల్టులు దారిలో మాయం. వోల్టేజి నాలుగో వంతు తగ్గితే వేడి నాలుగో వంతు తగ్గుతుందనుకుంటారు చాలామంది. కాదు, దాదాపు సగానికి పడిపోతుంది.

ఆ 3 వోల్టులు ఎక్కడ పోయాయో పట్టుకోవడం సులువు. మీటరును డీసీ 20 వోల్టుల మీద ఉంచి, ప్లగ్గులు ఆన్‌లో ఉండగా, ఒక్కో భాగానికి ఇటొక మొన, అటొక మొన పెట్టండి. రిలే మీద 30, 87 అని అంకెలుంటాయి. 30లోకి బ్యాటరీ కరెంటు వస్తుంది, 87 నుంచి ప్లగ్గులకు పోతుంది. ఆ రెండింటి మధ్య మీటరు సున్నాకు దగ్గరగా, మహా అయితే 0.2 చూపించాలి. మాకు 2.3 వచ్చింది. రిలే విప్పి చూస్తే లోపలి కాంటాక్టులు మాడి బొగ్గులా ఉన్నాయి. ‘టక్’మని శబ్దం వస్తోంది కదా, రిలే బాగానే ఉందని షెడ్డు వాళ్లు వదిలేశారట. ఆ టక్‌మన్నది లోపలి అయస్కాంతం. కరెంటు దాటేది కాంటాక్టుల మీదుగా.

మిగిలిన కాస్తా ఫ్యూజు దగ్గర పోయింది. ఈ పాత బండ్లలో అది రెండు స్క్రూల కింద బిగించిన రేకు ముక్క. పైకి బాగానే కనిపించింది కానీ, గోటితో నొక్కితే స్క్రూ పక్కన వెంట్రుకవాసి పగులు. ఫ్యూజు రేకును చూసి సరిపెట్టుకోకండి, నొక్కి చూడండి.

అలాగే ఇంజన్ నుంచి ఛాసిస్‌కు పోయే ఎర్త్ పట్టీని మరవకండి. బ్యాటరీ నెగటివ్ మీద ఒక మొన, ఇంజన్ ఇనుము మీద ఒక మొన పెట్టి, ప్లగ్గులు ఆన్‌లో ఉండగా చూడండి. అర వోల్టు దాటితే పట్టీ విప్పి, ఎమరీ పేపరుతో రుద్ది బిగించండి. సెల్ఫ్ కూడా బద్ధకంగా తిరుగుతుంటే దీన్నే ముందు చూడాలి.

కొత్త ప్లగ్గులను కూడా ఓసారి పరీక్షించండి. నాలుగింటినీ కలిపే రేకు తీసేశాకే కొలవాలి. లేదంటే అన్నీ కలిసి ఒకే లెక్క వస్తుంది, చచ్చింది బతికినవాటి చాటున దాక్కుంటుంది. మీటరును ఓమ్‌ల (కరెంటుకు ఉండే అడ్డు కొలత) మీద ఉంచి, మొనలు రెండూ తాకించి వచ్చే అంకెను (0.3 అలా ఉంటుంది) తీసేసి లెక్కపెడితే, ఒక్కో ప్లగ్గు అర ఓమ్ నుంచి ఒకటిన్నర ఓమ్ మధ్య ఉండాలి. అసలేమీ చూపించకపోతే పోయినట్టే. టెస్ట్ ల్యాంపు ఒక వైరు బ్యాటరీ ప్లస్‌కు, రెండోది ప్లగ్గు తలకు పెట్టినా తెలుస్తుంది. బతికున్న ప్లగ్గయితే బల్బు వెలుగుతుంది. వాటి ఒంటి మీద 12 వోల్టులని రాసుందో లేదో కూడా చూడండి. 24 వోల్టులది వేసి ఉంటే అది గోరువెచ్చనై ఊరుకుంటుంది.

మెర్సిడెస్ వాళ్ల పాత డీజిల్ ఇంజన్ ఓఎం 616లో మొదట్లో ప్లగ్గులను పందిట్లో సీరియల్ బల్బుల్లా ఒకదాని వెనక ఒకటి కలిపేవారు. ఒకటి పోతే నాలుగూ పోయేవి. తర్వాత వచ్చినవాటిలో దేని దారి దానిదే, కనుక ఒకటి పోయినా బండి కుంటుతూ నడుస్తుంది, యజమానికి తెలియనివ్వదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తెల్లపొగ ఆగకపోతే అప్పుడు కంప్రెషన్, ఇంజెక్టర్లు చూపించండి. ఇంకో మాట. చలికి ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం, ఈథర్ స్ప్రే కొట్టడం ఘాట్ రోడ్డు డ్రైవర్లకు అలవాటు. ప్లగ్గులు ఎర్రగా కాలి ఉండగా ఆ పని చేస్తే ఇంజన్ పేలినంత పనవుతుంది. దయచేసి మాన్పించండి.

ప్రశ్న: ప్లగ్గుల కరెంటు కొలవడానికి క్లాంప్ మీటరు కొన్నాను. వైరు చుట్టూ పెడితే ఎప్పుడూ సున్నానే. మీటరు పాడా?

జవాబు: చవక క్లాంప్ మీటర్లు చాలావరకు ఇంటి కరెంటును, అంటే ఏసీని మాత్రమే కొలుస్తాయి. బ్యాటరీది డీసీ. పెట్టె మీద ‘డీసీ ఆంపియర్లు’ అని విడిగా రాసి ఉన్నదే కొనాలి. మామూలు మల్టీమీటరులోని 10 ఆంపియర్ల రంధ్రంతో ప్రయత్నించకండి. తాళం తిప్పిన క్షణమే దాని ఫ్యూజు ఎగిరిపోతుంది.

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో ఉంటాను. నా కామన్ రైల్ డీజిల్ వ్యాను (కంప్యూటర్ నడిపే కొత్త రకం ఇంజన్) స్కానర్‌లో పీ0671 అనే తప్పు కోడ్ చూపిస్తోంది. ప్లగ్గు తీసి బ్యాటరీకి నేరుగా పెట్టి చూడొచ్చా?

జవాబు: వద్దు. కామన్ రైల్ బండ్లలో చాలా ప్లగ్గులు 12 కన్నా బాగా తక్కువ వోల్టులవి, కంట్రోల్ మాడ్యూల్ (ప్లగ్గులను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) వాటికి కొలిచి ఇస్తుంది. నేరుగా పెడితే క్షణాల్లో కాలిపోతాయి. ఆ కోడ్ ఒకటో సిలిండర్ ప్లగ్గు సర్క్యూట్‌లో తప్పుందని మాత్రమే చెబుతోంది, ప్లగ్గే పోయిందని కాదు. ఒకటి, రెండు సిలిండర్ల ప్లగ్గులు అటూ ఇటూ మార్చి కోడ్ చెరిపేయండి. మళ్లీ పీ0671 వస్తే తప్పు వైరులోనో మాడ్యూల్‌లోనో ఉంది. పీ0672 వస్తే ప్లగ్గుదే. విప్పేముందు ఇంజన్‌ను వేడి చేసుకోండి, మొండికేస్తే బలం పెట్టకండి. హెడ్‌లో విరిగిన ప్లగ్గును తీయించే ఖర్చుతో ఓ డజను కొత్త ప్లగ్గులు వస్తాయి.