చలికి పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే టకటకమని సౌండ్, కాసేపటికి పోతుంది, ఇంజిన్ పోయినట్టేనా?

అంత భయం అక్కర్లేదండి, ముందు ఆ సౌండ్ ఎలాంటిదో, ఎంతసేపు ఉంటోందో వినండి. రాత్రంతా బండి ఆగి ఉంటే ఆయిల్ మొత్తం కిందికి సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) దిగిపోతుంది, చలికి చిక్కబడుతుంది కూడా, అందుకే పైన ట్యాపెట్ల (వాల్వులను కదిలించే భాగాలు) దాకా ఎక్కడానికి రెండు మూడు సెకన్లు పట్టి ఈలోపు టిక్ టిక్ అంటుంది, అది మామూలే. ఎక్కువసేపు ఉంటే డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) తీసి లెవెల్ చూడండి, పోసిన ఆయిల్ గ్రేడ్ (చిక్కదనం చెప్పే నంబర్) కూడా చూడండి. మా పాత బండికి ట్యాపెట్లు మార్చాలన్నాడు ఒకాయన, తీరా చూస్తే మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంటే లోపల పోసింది 20డబ్ల్యూ-50, మార్చాక సౌండ్ లేదు (ఆ డబ్ల్యూ అంటే వింటర్, ముందున్న నంబర్ తక్కువైతే చలిలో పల్చగా ఉంటుంది).

కీచుమంటే బెల్టు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా బెల్టు మీద కొంచెం నీళ్లు స్ప్రే చేయండి, చేతులూ చున్నీలూ దూరంగా పెట్టి, సౌండ్ మారిందంటే అదే. ఇంజిన్ తిరక్కుండా టకటకటక మాత్రమే అంటే ఎక్కువగా బ్యాటరీయే, చలికి దాని బలం తగ్గుతుంది. డీజిల్ అయితే చల్లగా ఉన్నప్పుడు కాస్త గరగరలాడటం దాని నైజం.

వేడెక్కాక కూడా లోపల సుత్తితో కొట్టినట్టు దబ్ దబ్ అంటున్నా, ఆయిల్ లైటు ఆరకపోయినా వెంటనే ఆపేయండి, నడుపుకుంటూ షెడ్డుకి వెళ్లకండి, టోయింగ్ పెట్టించండి.