ఈ-క్యాడెరిన్ నెగటివ్ అంటే క్యాన్సర్ లేదనా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. రొమ్ములో గడ్డ ఉంటే ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చాక ఇంకో పరీక్ష కావాలని మరో పది రోజులు ఆపారు. ఇప్పుడు 'ఈ-క్యాడెరిన్ నెగటివ్' అని వచ్చింది. నెగటివ్ కాబట్టి క్యాన్సర్ లేనట్టేనని నేను, కాదని మా అన్నయ్య. ఇది మా అక్కచెల్లెళ్లకూ వస్తుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: అమ్మా, మీ అన్నయ్య చెప్పిందే నిజం. ముందు ఈ మాట చెప్పేయాలి, ఎందుకంటే 'నెగటివ్' అన్న ఒక్క మాట చూసి వైద్యం మానేసినవాళ్లను నేను చూశాను. డెంగీ పరీక్షలో నెగటివ్ అంటే జబ్బు లేదని. ఇక్కడ అలా కాదు. క్యాన్సర్ ఉందని మొదటి రిపోర్టులోనే తేలింది. అది ఏ రకమో తేల్చడానికే ఈ రెండో పరీక్ష.

మన ఒంట్లో పైపొరల కణాలు, పాలనాళాల గోడల్లో ఉండేవి కూడా, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు చాలావరకు ఈ-క్యాడెరిన్ అనే ప్రొటీన్ వల్లే. ఒక కణం మీది ప్రొటీన్ పక్క కణం మీది అదే ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. కాల్షియం ఉంటేనే ఆ పట్టు నిలుస్తుంది. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించే డక్టల్ రకంలో ఈ ప్రొటీన్ సాధారణంగా మిగిలే ఉంటుంది. నూటికి 10 నుంచి 15 వరకు ఉండే లోబ్యులర్ రకంలో చాలావరకు పోతుంది. మీ అమ్మ రిపోర్టులో నెగటివ్ అంటే ఈ ప్రొటీన్ కనిపించలేదని, అంటే లోబ్యులర్ రకం కావచ్చని. పట్టు పోయిన కణాలు విడివిడిగా, చీమలబారులా ఒకదాని వెనుక ఒకటి సాగిపోతాయి. మైక్రోస్కోపులో ఆ బారు చూడగానే మాకు, అంటే ముక్కను పరీక్షించే పాథాలజిస్టులకు, అనుమానం వస్తుంది. అనుమానం తీర్చుకోవడానికే యాంటీబాడీ.

ఈ యాంటీబాడీ ల్యాబులో తయారైనది. ఈ-క్యాడెరిన్‌ను తప్ప ఇంకో ప్రొటీన్‌ను అంటుకోకూడదు, దాని పని అంతే. ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు ఎలుక కణాలతో కనిపెట్టారు. 1984లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మైనంలో బిగించిన ముక్కను మూడు నాలుగు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొరగా కోసి, స్లైడు మీద పరిచి, ఈ యాంటీబాడీని, అది అంటుకున్నచోటే తేలే రంగును వేస్తాం. ప్రొటీన్ ఉన్నచోట కణం అంచుల చుట్టూ గోధుమ రంగు గీత తేలుతుంది. లేనిచోట నీలం మాత్రమే కనిపిస్తుంది.

విజయనగరంలో నా ల్యాబు మొదలుపెట్టిన కొత్తలో ఒకావిడ స్లైడు వచ్చింది. ఎక్కడా గోధుమ రంగు లేదు. నెగటివ్ అని రాయబోయి, గడ్డ పక్కనున్న మామూలు పాలనాళాన్ని చూశాను. అందులోనూ రంగు లేదు! ఆరోగ్యంగా ఉన్న నాళానికి రంగు రాకపోతే ఆ పరీక్షే చెల్లదు. వాకబు చేస్తే, ముక్కను చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్‌లో కాకుండా సెలైన్ సీసాలో వేసి, మే నెల ఎండలో బస్సులో పంపారని తెలిసింది. రిపోర్టు ఇవ్వకుండా, ఆపరేషన్‌లో తీసిన గడ్డ సరైన ఫార్మలిన్‌లో వచ్చేదాకా ఆగాం. ఈసారి చక్కగా రంగు వచ్చింది. అది డక్టల్ రకం. ఆ రోజు నాళం వైపు చూడకపోయి ఉంటే ఆమె ఫైలులో తప్పు పేరు ఉండిపోయేది. ఇప్పటికీ ప్రతి స్లైడులో ముందు ఆ మామూలు నాళమే వెతుకుతాను.

అందుకే మీ పాథాలజిస్టును ఒక్క మాట అడగండి: "పక్కనున్న మామూలు నాళానికి రంగు వచ్చిందా అండీ?" అలా అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. మైనం బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకుని జాగ్రత్తగా దాచండి. విశాఖలో గానీ ఇంకెక్కడైనా గానీ రెండో అభిప్రాయం కావాలంటే, మళ్లీ సూది గుచ్చకుండా ఆ బ్లాకు నుంచే పరీక్ష చేయొచ్చు.

ఇక వైద్యం. లోబ్యులర్ అన్నంత మాత్రాన రోగం ముదిరిందని కాదు. మందులు ఏవన్నది ఎక్కువగా ఈఆర్, పీఆర్ (గడ్డ కణాలు హార్మోన్లను పట్టుకుంటాయా అని చూసేవి), హెర్2 (ఇంకో ప్రొటీన్ ఎక్కువగా ఉందా అని చూసేది) అనే మరో మూడు పరీక్షలు, గడ్డ ఎంతవరకు వ్యాపించిందన్నది చూసి నిర్ణయిస్తారు. లోబ్యులర్ రకం చాలావరకు ఈఆర్ పాజిటివ్ ఉంటుంది, దానికి హార్మోన్ మాత్రలు బాగా పనిచేస్తాయి. ఒక్క జాగ్రత్త: ఈ రకం మామోగ్రామ్‌లో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, ఉన్నదానికంటే చిన్నగా కనిపించవచ్చు. ఎంఆర్‌ఐ అవసరమా అని సర్జన్‌ను అడగండి. రెండో రొమ్మును కూడా చూడమనండి.

అక్కచెల్లెళ్ల సంగతి. ఈ ప్రొటీన్ చాలామందిలో ఆ గడ్డ కణాల్లోనే పోతుంది, పుట్టుకతో వచ్చిన లోపం కాదు. అయితే ఈ ప్రొటీన్‌ను తయారుచేసే సీడీహెచ్1 అనే జన్యువులో లోపం వంశంలో నడిచే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్లలో కడుపు క్యాన్సర్ కూడా రావచ్చు. మీ అమ్మమ్మ వైపు గానీ మేనమామల్లో గానీ చిన్న వయసులో కడుపు క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఉన్నారేమో పెద్దవాళ్లను అడిగి, ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. లేకపోయినా మీరంతా 40 దాటాక రొమ్ము పరీక్ష మానకండి.

ఈఆర్, పీఆర్, హెర్2 రిపోర్టు వచ్చాక మళ్లీ రాయండి, చూసి చెబుతాను. ఈలోగా అమ్మను ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టరు) దగ్గరికి తీసుకెళ్లడం మాత్రం ఆపొద్దు.