కెరటాల గురించి రాస్తున్న అమ్మాయికి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మాయికి,

ఎస్.కోట నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను, రెండోసారి చేతిలో పెన్సిల్ పెట్టుకుని. నీటిలో పుట్టే అలల గురించి, ప్రవాహం అదుపు తప్పి సుడులు తిరగడం గురించి తెలుగులో రాయాలని ఈ వయసులో నీకు అనిపించడం నాకు ఎంత సంతోషమో చెప్పలేను. ‘మాస్టారూ, మొహమాటపడకుండా చెప్పండి’ అని రాశావు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

మొదటి పేజీలోనే ‘అరేఖీయ’ (నాన్‌లీనియర్) అన్న మాట తొమ్మిది చోట్ల ఉంది. ఆ మాటలో తప్పేమీ లేదు, పాఠ్యపుస్తకాల్లో అదే వాడతారు. కానీ ఆ పేజీ పూర్తయ్యేసరికి పాఠకుడికి ఒక్క అల కూడా కనిపించలేదు. ముందు అలను చూపించు. అది మామూలుగా మనం అనుకునేలా ప్రవర్తించడం లేదని అతనికే అనిపించాలి. అప్పుడు పేరు చెప్పు, ఒక్కసారి చెబితే చాలు.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. రాయడం మొదలుపెట్టిన కొత్తలో, ఎడ్లబండి ధాన్యం బస్తాలు మోసుకొచ్చినట్టు కెరటం సముద్రపు నీటిని ఒడ్డుకి మోసుకొస్తుందని రాశాను. ఆ వాక్యం నాకు తెగ నచ్చింది. కళింగపట్నంలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయన తలెత్తకుండానే, “వల నుంచి తెగిపోయిన బెండుని లోపల సముద్రంలో ఎప్పుడైనా చూసారా బాబూ? కెరటం వస్తే లెగుస్తాది, పోతే దిగుతాది, ఉన్నకాడే ఉంటాది” అన్నాడు. ఇంటికొచ్చి ఆ వాక్యం కొట్టేశాను. అల ముందుకి పోతుంది కానీ నీరు ఉన్న చోటే గుండ్రంగా తిరిగి మళ్లీ అక్కడికే వస్తుందని రాశాను. అది సరైన మాటే, చిన్న అలల వరకూ.

చాలా ఏళ్ల తర్వాత స్కాట్లాండ్ ఇంజినీరు జాన్ స్కాట్ రస్సెల్ సంగతి చదివాను. 1834లో ఎడిన్‌బరో దగ్గర ఒక కాలువలో గుర్రాలు పడవను లాగుతున్నాయి. పడవ ఉన్నట్టుండి ఆగిపోయింది. దాని ముందు పోగైన నీరు మాత్రం ఆగలేదు. నున్నటి ఒకే ఒక్క దిబ్బగా లేచి కాలువ వెంట సాగిపోయింది. పొడవు 30 అడుగులు, ఎత్తు అడుగు, అడుగున్నర. రస్సెల్ గుర్రమెక్కి దాని వెంట పడ్డాడు. గంటకు ఎనిమిది తొమ్మిది మైళ్ల వేగంతో, ఆకారం దాదాపు చెడకుండా, మైలు రెండు మైళ్ల దూరం పోయి కాలువ మలుపుల్లో కనుమరుగైంది. తర్వాత ఆయన తొట్టెలు కట్టుకుని, అలాంటి అలలను పుట్టించి, ఒకదాని వెంట ఒకటి కొలిచాడు. వేగం కాలువ లోతు ఒక్కదాని మీదే కాదు, లోతుకి అల ఎత్తు కలిపితే వచ్చే మొత్తం మీద ఆధారపడుతుందని తేల్చాడు. ఎత్తైన అల ముందు పోతుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. ఆ అల దాటిపోయాక నీరు వెనక్కి తిరిగి పాతచోటికి రాదు, కొంత ముందుకి జరిగి ఆగుతుంది. అంటే నా ఎడ్లబండి మాటలో కాసింత నిజం ఉందన్నమాట, కానీ ఎప్పుడు నిజమో నాకు తెలియలేదు. బెండు చూపించిన పెద్దాయన మాటా నిజమే.

నీ వ్యాసానికి గుండెకాయ ఇక్కడే ఉందమ్మా. అల చిన్నదిగా ఉన్నంతవరకూ దాని ఎత్తుతో పనిలేదు. ఎత్తు రెట్టింపైతే అదే కదలిక రెట్టింపు ఉంటుంది, అంతే. అల పెద్దదైతే ఆ ఎత్తే దాని నడకను మార్చేస్తుంది. అరేఖీయం అన్న మాటకి నాకు తెలిసిన అర్థం ఇదే. కాబట్టి ‘పెద్ద అల’, ‘చిన్న అలజడి’ అని రాసిన ప్రతిచోటా, దేనితో పోలిస్తే పెద్దది అన్న ప్రశ్న వేసుకో. రెండు మీటర్ల లోతు నీటిలోకి మీటరు ఎత్తు కెరటం వచ్చిందనుకో. దాని శిఖరం కింద రెండున్నర మీటర్ల నీరుంది, ముందున్న పల్లం కింద ఒకటిన్నరే ఉంది. లోతు ఎక్కువున్న చోట వేగం ఎక్కువ కాబట్టి శిఖరం సెకనుకు దాదాపు 5 మీటర్లు పోవాలని చూస్తుంది, పల్లం 3.8 మీటర్లే పోతుంది. వెనకది ముందుదాని మీదకి ఎక్కుతుంది. కెరటం నిటారుగా లేచి విరిగిపడేది అందుకే. ఈ లెక్క మోటుదే, కానీ ఇది చదివినవాడు కళింగపట్నం ఒడ్డున నిలబడితే కెరటాన్ని ఇదివరకులా చూడలేడు.

మరి రస్సెల్ అల ఎందుకు విరగలేదు? నీటిలో పొడవైన అలలు త్వరగా, పొట్టివి నెమ్మదిగా పోతాయి కాబట్టి ఏ దిబ్బ అయినా విడిపోయి చదునైపోవాలని చూస్తుంది. ఎత్తు దాన్ని నిటారుగా తోస్తుంటే, ఈ గుణం దాన్ని పలచగా పరుస్తుంటుంది. రెండూ సరిగ్గా సమానమైనచోట ఆ అల బతుకుతుంది. అప్పటి పెద్ద గణితవేత్తలు ఎయిరీ, స్టోక్స్ అలాంటి అల ఉంటుందని నమ్మలేకపోయారు. కోర్టెవెగ్, డి వ్రీస్ అనే డచ్ గణితవేత్తలు 1895లో సమీకరణం రాసి చూపించారు. 1965లో జబుస్కీ, క్రుస్కల్ కంప్యూటర్‌లో అలాంటి అలలను ఒకదాని మీదకి ఒకటి తోలితే, రెండూ కలిసి, మళ్లీ విడిపోయి, ఏమీ జరగనట్టు దేని ఆకారంతో అది బయటికొచ్చింది. అలాంటి అలకి ‘సాలిటాన్’ అన్న పేరు ఆ ఇద్దరు శాస్త్రవేత్తలూ పెట్టిందే. నువ్వు ఈ కథంతా మూడు వాక్యాల్లో చెప్పేసి సమీకరణానికి పేజీన్నర ఇచ్చావు. తారుమారు చెయ్యి.

ఇక ఆరో పేజీ. ‘ఒక చిన్న కదలికే మహా ప్రళయానికి కారణమవుతుంది’ అని రాశావు. దాని కింద నేను రెండు గీతలు గీశాను. చదవడానికి బాగుంటుంది, అందరూ ఇలాగే రాస్తారు కూడా. కానీ కారణం చెప్పాల్సినచోట అది కారణాన్ని దాచేస్తోంది. నిప్పురవ్వ గురించి చెప్పావు, గడ్డికుప్ప ఎండి ఉందా తడిసి ఉందా అన్నది చెప్పలేదు. ప్రవాహంలో చిన్న కదలికలు ఎప్పుడూ ఉంటాయి. వాటిని పెంచే బలం ప్రవాహంలో ఉందా లేదా, ఉంటే ఎక్కడుంది అన్నదే అడగాలి.

వంశధారకి వరద వచ్చినప్పుడు మొగ దగ్గర ఎర్రనీరు సముద్రంలోకి దూసుకుపోతుంది. ఎర్రనీటికీ నీలంనీటికీ మధ్య గీత కాసేపు తిన్నగా ఉంటుంది, తర్వాత వంకర్లు పోయి సుడులు చుట్టుకుంటుంది. రెండు నీళ్లూ పక్కపక్కనే వేరువేరు వేగాలతో పోతున్నాయి కదా. గీత ఒకవైపుకి రవ్వంత ఉబ్బితే అటువైపు దారి ఇరుకవుతుంది, ఇరుకైనచోట వేగం పెరుగుతుంది, వేగం పెరిగినచోట ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గినవైపుకి ఉబ్బు ఇంకా లాగబడుతుంది. ఉబ్బు పెరగడానికి కావలసిన బలమంతా ఆ వేగాల తేడా నుంచే వస్తోంది. 1868లో హెల్మ్‌హోల్ట్జ్, 1871లో కెల్విన్ అనే భౌతికశాస్త్రవేత్తలు దీన్ని వివరించారు. నువ్వు వాళ్ల పేర్లు రాశావు కానీ ఉబ్బు ఎందుకు పెరుగుతుందో రాయలేదు.

కెల్విన్ విషయంలో ఇంకొక సంగతి చేర్చు. గాలికి నీటి మీద అలలు పుట్టాలంటే, ఆయన లెక్క ప్రకారం సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో గాలి వీచాలి. విజయనగరం పెద్దచెరువు గట్టున సాయంత్రం కూర్చుంటే అందులో నాలుగోవంతు గాలికే నీరు ముడతలు పడటం కనిపిస్తుంది. అంత గొప్పవాడి లెక్క చెరువు దగ్గర తేలిపోయింది. ఫిలిప్స్ ఒక దారిలో, మైల్స్ ఇంకో దారిలో 1957లో మెరుగైన వివరణ ఇచ్చేదాకా ఆ లోటు తీరలేదు. ఇలాంటివి దాచకు, పాఠకుడికి శాస్త్రం మీద గౌరవం పెరిగేది ఇలాంటి చోటే.

ఆస్బోర్న్ రేనాల్డ్స్ ప్రయోగం గురించి నువ్వు రాసింది బాగుంది, అయితే సగమే రాశావు. 1883లో మాంచెస్టర్‌లో గాజు గొట్టంలో పారే నీటిలోకి రంగునీటిని సన్నటి దారంలా వదిలాడు. నెమ్మదిగా పారితే దారం తిన్నగా ఉంది, వేగం పెంచితే చెదిరి గొట్టమంతా కలిసిపోయింది. వేగాన్ని గొట్టం అడ్డుకొలతతో గుణించి, నీటి జిగటను సాంద్రతతో భాగిస్తే వచ్చేదానితో భాగిస్తే వచ్చే అంకె 2000 దాటితే చెదురుతుందని అన్ని పుస్తకాల్లోలాగే నువ్వూ రాశావు. కానీ నీటిని బాగా నిలకడగా తేరనిచ్చి చేసినప్పుడు రేనాల్డ్స్ ఆ అంకెను దాదాపు 13,000 దాకా తీసుకెళ్లగలిగాడు. వందేళ్ల తర్వాత అదే పరికరంతో చేస్తే అంత దూరం పోలేదు, రోడ్డు మీద ట్రాఫిక్ అదురు వల్ల! గొట్టంలో మరీ చిన్న అలజడి ఎంత వేగంలోనైనా చచ్చిపోతుందని ఇప్పటిదాకా చేసిన లెక్కలు చెబుతున్నాయి. తగినంత పెద్దదైతేనే అది నిలబడి ప్రవాహాన్ని చెదరగొడుతుంది. చూశావా, చిన్న కదలికే ప్రళయానికి కారణమన్న నీ ఆరో పేజీ వాక్యం ఇక్కడ పూర్తిగా తలకిందులైంది. మళ్లీ ‘ఎంత పెద్దది’ అన్న ప్రశ్న దగ్గరికే వచ్చాం. ఈ ఒక్క ప్రయోగాన్ని రెండు పేజీలు రాసినా నేను ఎక్కువైందనను.

ఎనిమిదో పేజీలో 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలో డ్రాప్నర్ అనే గ్యాస్ వేదిక దగ్గర నమోదైన 25.6 మీటర్ల అల గురించి రాశావు. అది మంచి ఉదాహరణ. బెంజమిన్, ఫియర్ 1967లో చూపించిన అస్థిరత్వమే దానికి కారణమని మాత్రం ఖాయంగా రాశావు. ఒకేలా వచ్చే అలల వరుసలో ఒకటి పక్కవాటి శక్తి లాక్కుని పెరగగలదన్నది నిజం. ఆ రోజు జరిగింది అదేనా అన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇంకా ఒక మాట మీద లేరు. అదే రాయి.

మన దేశం ఊసు ఎక్కడా లేకపోవడం నాకు బాధనిపించింది. ఒక పలక మీద పారే ప్రవాహం చెదిరేటప్పుడు అంతా ఒకేసారి చెదరదు, అక్కడక్కడా మచ్చల్లా మొదలవుతుంది. ఆ మచ్చలు ఎలా పరుచుకుంటాయో బెంగళూరులో శాస్త్రవేత్త రొద్దం నరసింహ 1957లో లెక్కగట్టి చూపించారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు కూడా నిండలేదు.

చివరి రెండు పేజీలూ తీసేయి. వాటి బదులు మీ ఊరి వైపు ఉన్నదే రాయి. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే వానలో రోడ్డు మీద నీరు పలచటి పొరలా కాక, మెట్లు మెట్లుగా, ఒకదాని వెంట ఒకటి దిగిరావడం గమనించావా? సెంటీమీటరు లోతు నీటిలో అల వేగం సెకనుకు 31 సెంటీమీటర్లు. నీరు అందుకు సుమారు రెట్టింపు కన్నా వేగంగా పారితే ఆ పొర నునుపుగా ఉండలేదు, ఇలా మెట్లుగా విడిపోతుంది. బలం ఆ వాలు నుంచి వస్తోంది. పెద్ద మెట్టు చిన్నదాన్ని తరిమి పట్టుకుని మింగేస్తుంది కూడా. అంటే నీ పదకొండు పేజీల్లో ఉన్నదంతా మీ రోడ్డు మీదే ఉంది.

ఈసారి గట్టి వాన పడినప్పుడు గొడుగు వేసుకుని వెళ్లు, మలుపుల దగ్గర వాహనాలు చూసుకుని ఒక పక్కగా నిలబడు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎన్ని అడుగులుందో, వాలు దిగేకొద్దీ ఆ దూరం పెరుగుతోందో తగ్గుతోందో చూసి, కాగితం తడవకుండా రాసుకుని నాకు పంపు. నీ వ్యాసం దీనితో పాటే తిప్పి పంపుతున్నాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు