బ్యాంకు ఇంజినీరు చూశాడుగా, మళ్లీ ఎందుకు?

ప్రశ్న: మధురవాడలో 68 లక్షలకు కొత్త ఫ్లాట్ తీసుకున్నాం. చివరి వాయిదా 4 లక్షలు కట్టేస్తే వచ్చే నెల రిజిస్ట్రేషన్ అంటున్నారు బిల్డర్. విడిగా ఒక ఇంజినీరుకు చూపించమని మా బావగారి సలహా. ఆ ఇంజినీరు 15 వేలు అడుగుతున్నాడు. లోన్ ఇచ్చేముందు బ్యాంకు వాళ్లు చూశారు కదా, ఇది దండగ ఖర్చు కాదా?

జవాబు: చూపించండి. 68 లక్షల మీద 15 వేలంటే వందకు పావలా కూడా కాదు.

బ్యాంకు ఇంజినీరు చూసేది బ్యాంకు కోసం. మీరు అప్పు కట్టకపోతే ఫ్లాట్ అమ్మి ఎంత రాబట్టుకోవచ్చన్నదే ఆయన లెక్క. బాత్‌రూమ్ వాలు ఎటుందో ఆయనకు అనవసరం.

విశాఖలో ఉప్పుగాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇనుము మీద కాంక్రీటు పల్చగా ఉంటే త్వరగా తుప్పు పడుతుంది. తుప్పుతో ఊచ ఉబ్బి, పైన పెచ్చులు ఊడతాయి. అందుకే బాల్కనీ స్లాబు అంచులు, సన్‌షేడ్ల అడుగు తప్పక చూడమనండి. బాత్‌రూముల్లో ఒక రోజంతా నీళ్లు నిలబెట్టి, కింది ఫ్లాట్ సీలింగులో చెమ్మ దిగిందేమో చూడాలి. కిటికీల చుట్టూ సందులు, టైల్స్ కింద డొల్ల, ఎర్తింగ్ కూడా. హుద్‌హుద్ తుఫాను నాడు కిటికీల్లోంచి వచ్చిన నీళ్లు తోడుకున్నవాళ్లకు ఆ సందుల విలువ తెలుసు! కార్పెట్ ఏరియా (బయటి గోడలు, బాల్కనీ కాకుండా ఫ్లాట్ లోపలి వైశాల్యం) టేపు పెట్టి కొలిపించండి. గోడ లోపల ఏముందో మాత్రం ఎవరూ చూసి చెప్పలేరు. కాంక్రీటు బలం తేల్చే క్యూబ్ టెస్టు రిపోర్టులు బిల్డర్‌నే అడగండి.

ఇవన్నీ చివరి వాయిదా గడువుకు ముందే జరగాలి. గడువు దాటాక డబ్బు ఆపితే ఒప్పందం ప్రకారం మీకే వడ్డీ పడొచ్చు. లోపాలను ఫొటోలతో ఈమెయిల్‌లో పంపండి, నోటిమాట వద్దు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు మీరు చూపిన నిర్మాణ లోపాలను బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. లేదంటే పరిహారం అడగవచ్చు. అప్పుడు మీ ఇంజినీరు ఇచ్చిన రిపోర్టే మీకు ఆధారం.

ఇంజినీరు బిల్డర్ చెప్పినవాడు కాకూడదు, రిపేర్ల కాంట్రాక్టు తనకే ఇమ్మనేవాడూ కాకూడదు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అంటే భవనంలో నివాసానికి అనుమతి పత్రం, కాపీ కూడా తీసుకోండి. బయటివాళ్లను లోపలికి రానివ్వం అని బిల్డర్ అంటే, ఆ మాట రాసి ఇమ్మనండి. అది తేలేదాకా రిజిస్ట్రేషన్‌కు ముహూర్తం పెట్టుకోవద్దు.