మీ ప్రశ్న – మా జవాబు: కోయి కొలనుకు సొంత ఫిల్టరు

ప్రశ్న: బెంగళూరు హొరమావులో మా ఇంటి వెనుక 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల లోతున సిమెంటు కొలను కట్టించి, జానెడేసి కోయి చేపలు ఎనిమిది వదిలాను. 20 లీటర్ల బకెట్టులో గులకరాళ్లు, ఇసుక, బొగ్గు వరుసగా పేర్చి ఫిల్టరు నేనే తయారుచేశాను. ప్రతి ఆదివారం దాన్ని విప్పి, కావేరి నీటి కుళాయి కింద మురికి పూర్తిగా పోయేదాకా కడుగుతున్నాను. కరెంటు వృథా కాకుండా రాత్రిపూట మోటారు ఆపుతున్నాను. అయినా నీరు పచ్చగానే ఉంది. రెండు నెలల్లో మూడు చేపలు చనిపోయాయి, మూడూ సోమ, మంగళవారాల్లోనే. బొగ్గు పెంచాలా, లేక అతినీలలోహిత దీపం కొనాలా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: చేపలు ఏ వారాల్లో చనిపోయాయో గమనించి రాసినందుకు ధన్యవాదాలు, నా పని సగం తగ్గింది. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే, ఆ చేపల ప్రాణం తీసింది ఆదివారపు శుభ్రతేనని నా అనుమానం.

మీరు పేర్చిన వరుస మనమంతా బడిలో సైన్సు నోటుపుస్తకంలో గీసిన బొమ్మే. బురదనీటిని తేటపరచడానికి అది చాలు. కానీ చేప ప్రధానంగా మొప్పల ద్వారా విసర్జించే అమ్మోనియా నీటిలో కరిగి ఉంటుంది కాబట్టి ఇసుక దాన్ని పట్టుకోలేదు, మామూలు బొగ్గూ పట్టుకోలేదు. దాన్ని పోగొట్టేవి ఫిల్టరులోని రాళ్లకు, పీచుకు అంటుకుని పెరిగే బాక్టీరియాలు. వాటిలో ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారిస్తే, మరో రకం ఆ నైట్రైటును చాలావరకు హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఈ రెండూ స్థిరపడటానికి సుమారు నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పాలు తోడుకోవాలంటే గిన్నెలో కొంచెమైనా పాత పెరుగు మిగలాలి కదా; మీరు వారం వారం గిన్నెను తోమి, పైగా క్లోరిన్ కలిసిన నీటితో కడిగి, మళ్లీ పెరుగు కోసం ఎదురుచూస్తున్నారు. ఇకపై ఫిల్టరులో నింపినవాటిని కొలనులోంచే తోడిన ఒక బకెట్టు నీటిలో రెండుసార్లు జాడించి, గోధుమరంగు జిగురు మిగిలి ఉండగానే తిరిగి పెట్టేయండి. మీకు తెలిసినవారి కొలనులో చేపలు ఆరోగ్యంగా ఉంటే, వారి ఫిల్టరులోని పాత పీచు కొంత అడిగి తెచ్చుకోండి. అదే మీకు తోడు.

రాత్రిపూట మోటారు ఆపడం రెండో తప్పు. ఆ బాక్టీరియాలకు ఆక్సిజన్ కావాలి; నీరు కదలకపోతే గంటల వ్యవధిలోనే ఫిల్టరు లోపల ఆక్సిజన్ తగ్గి అవి చావడం మొదలవుతుంది. నీటిని పచ్చగా మార్చిన నాచు కూడా చీకటిలో ఆక్సిజన్‌నే వాడుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున చేపలకు ఊపిరాడదు. 40 వాట్ల పంపు రోజంతా తిరిగినా ఒక యూనిట్ కరెంటు కూడా కాలదు. ఒక చేప ధరతో పోలిస్తే అది లెక్కలోనిది కాదు. వేసవి కోతలకు పంపునో, కనీసం చిన్న ఎయిర్ పంపునో ఇన్వర్టరుకు కలపండి.

ఇక పరిమాణం. మీ కొలను 180 ఘనపుటడుగులు, అంటే దాదాపు 5,100 లీటర్లు. దానికి 20 లీటర్ల బకెట్టు ఏ మూలకూ చాలదు. 200 లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు మూడు తీసుకోండి. మొదటిదానిలోకి నీరు గోడ వారగా పడి నెమ్మదిగా సుడి తిరిగేలా గొట్టం అమర్చితే బరువైన మలం అడుగుకు చేరుతుంది. అక్కడ మడ్డి వదలడానికి ఒక వాల్వు ఉండాలి. రెండోదానిలో గిన్నెలు తోమే పచ్చ పీచు చాపలు నింపండి. మూడోదానిలో బయోబాల్స్ (బాక్టీరియా అంటుకుని పెరగడానికి చేసిన ప్లాస్టిక్ బంతులు) వేయవచ్చు, ఖరీదనుకుంటే సన్నని పీవీసీ గొట్టాన్ని అంగుళం ముక్కలుగా కోసి నింపి, అడుగున గాలిరాయి (ఎయిర్ పంపుకు తగిలిస్తే బుడగలు వదిలే రాయి) పెట్టండి. నీరు ప్రతి డ్రమ్ములోనూ కిందినుంచి ఎక్కి పైనుంచి బయటకు రావాలి. పంపు గంటకు 2,500 లీటర్లకు తగ్గకుండా తోడాలి. పెట్టె మీద రాసిన అంకె ఎత్తు లేనప్పటిది కనుక, నీరు ఎక్కాల్సిన ఎత్తు దగ్గర ఎంత తోడుతుందో అడిగి కొనండి. ఎస్.జె.పి. రోడ్డు దుకాణాల్లో ఈ సరంజామా చాలావరకు దొరుకుతుంది.

ఒక్క హెచ్చరిక. లోనికి వచ్చే గొట్టం అంగుళమైతే, డ్రమ్ముల మధ్య గొట్టాలు, బయటికి పోయే గొట్టం రెండు అంగుళాలు ఉండాలి. నేను మొదటిసారి అన్నీ ఒకే కొలతలో బిగించాను. రాత్రి పీచు పూడుకుపోయి డ్రమ్ము పొర్లింది, తెల్లారేసరికి సగం కొలను పక్కింటివారి కారు కింద ఉంది. ఆ కుటుంబానికి నేను చేపల గురించి ఎంత చెప్పినా ఇప్పటికీ ఆసక్తి కలగలేదు.

మీరడిగిన దీపం పచ్చదనాన్ని తగ్గిస్తుంది కానీ అమ్మోనియాను ముట్టుకోదు. ముందుగా కొలను మీద కొంత భాగానికి షేడ్‌నెట్ కట్టి ఎండ తగ్గించండి. దీపం సంగతి ఆ తర్వాత చూడవచ్చు.

డ్రమ్ములు కుదురుకునేదాకా మేత సగానికి తగ్గించండి, అమ్మోనియా, నైట్రైటు పరీక్ష కిట్లతో రెండు రోజులకోసారి చూడండి. ఏది కనిపించినా ఐదో వంతు నీరు మార్చండి. కావేరి నీటిని ముందుగా ఒకటి రెండు రోజులు తెరిచిన డ్రమ్ములో గాలి పట్టిస్తే క్లోరిన్ చాలావరకు పోతుంది, తొందరైతే క్లోరిన్‌ను పోగొట్టే హైపో (సోడియం థయోసల్ఫేట్) వాడండి. నైట్రైటు పెరిగితే వెయ్యి లీటర్లకు కిలో చొప్పున అయోడిన్ లేని కల్లుప్పును కరిగించి పోయడం చేపలకు రక్షణ. మిగిలిన ఐదు చేపలు మీ కొలనుకు సరిపోతాయి. కోయి రెండడుగుల దాకా పెరుగుతుంది కాబట్టి పోయినవాటి స్థానంలో కొత్తవి కొనకండి. మొదటి డ్రమ్ము నుంచి వదిలే మడ్డి అరటి మొదలుకు మంచి ఎరువు, ఉప్పు వేసిన రోజుల్లో మాత్రం పోయకండి.