మంచు పడింది సరే, హెమిస్ ఎందుకు చూపించలేదు?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పోయిన మే నెలలో కడపలోని ఒక ట్రావెల్స్ ప్యాకేజీ మీద మేమూ, మా అన్నావాళ్లూ, అమ్మా కలిసి ఆరుగురం లద్దాఖ్ పోయి వచ్చాం. ఐదు రాత్రులు, ఆరు రోజులు. విమాన టికెట్లతో కలిపి మనిషికి 46,000 రూపాయలు. వాళ్లు వాట్సాప్‌లో పంపిన కాగితంలో రెండో రోజు కింద ‘గైడుతో డే ట్రిప్: షే, థిక్సే, హెమిస్ మొనాస్టరీలు, పాంగాంగ్ సరస్సు’ అని ఉంది. ఆ రోజు గైడు రానే లేదు. డ్రైవరు షే దగ్గర పది నిమిషాలు ఆపాడు, థిక్సేను రోడ్డు మీది నుంచే చూపించాడు, హెమిస్ వైపు బండి తిప్పలేదు. చాంగ్‌లా ఘాటు ఎక్కుతుంటే మంచు పడి దారి మూసేశారని వెనక్కి పంపారు. ఆ రాత్రి 63 ఏళ్ల మా అమ్మకు ఊపిరాడక లేహ్‌లో ఆసుపత్రిలో చేర్చి ఆక్సిజన్ పెట్టించాం, 9,400 రూపాయలు అయింది. అడిగితే ‘మంచు మా చేతుల్లో ఉందా? నో రిఫండ్ అని రాసే ఉంది. మేం ఏజెంట్లం మాత్రమే. కేసంటారా, హైదరాబాద్‌లో వేసుకోండి’ అంటున్నారు. మాకేమైనా దారి ఉందా?

జవాబు: ఉంది. హైదరాబాద్ పోనక్కర్లేదు, కడపలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. అయితే ‘ట్రిప్పంతా పాడైంది, కట్టిన డబ్బంతా ఇప్పించండి’ అని రాస్తే మాత్రం కేసు మొదట్లోనే పలచబడిపోతుంది. మిగతా ఐదు రోజులు మీరు హోటల్లో పడుకున్నారు, తిన్నారు, తిరిగారు. గొడవంతా ఆ ఒక్క రోజుది. ఆ రోజును ముక్కలు చేసి, ఏ ముక్కకు ఎవరు బాధ్యులో విడివిడిగా చూపించాలి.

ముందు దారి సంగతి చూడండి. లేహ్ నుంచి సింధు నది వెంబడి పోతే షే సుమారు 15 కిలోమీటర్లు, థిక్సే 19. తరువాత కారూ అనే ఊరు వస్తుంది. అక్కడ నది దాటి కుడికి పోతే హెమిస్, ఎడమకు తిరిగి సక్తి మీదుగా కొండెక్కితే చాంగ్‌లా, దాని అవతల పాంగాంగ్. అంటే మూడు గోంపాలూ (మొనాస్టరీలూ) చాంగ్‌లా ఘాటుకు ఇవతలే ఉన్నాయి. పైన మంచు పడితే కింద హెమిస్ తలుపు మూసుకుపోదు. పైగా సరస్సుకు పోయి వచ్చే గంటలన్నీ మిగిలాయి కాబట్టి గోంపాలను ఇంకా తీరిగ్గా చూపించాల్సింది. థిక్సేలో రెండంతస్తుల ఎత్తున, సుమారు 49 అడుగుల మైత్రేయ బుద్ధుడి విగ్రహం ఉంది. అది గోంపా లోపల ఉంటుంది, రోడ్డు మీది నుంచి కనపడదు. ఫిర్యాదుకు ఒక చిన్న పటం జతచేసి, బండి ఎక్కడ ఆగింది, ఎక్కడి నుంచి మళ్లింది గుర్తుపెట్టండి. ‘మంచు’ అనే జవాబు ఎంతవరకు పనికొస్తుందో ఆ పటమే చెబుతుంది.

సరస్సు విషయంలో వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది. దారి మూయడం వాళ్ల తప్పు కాదు, దానికి నష్టపరిహారం అడగొద్దు. కానీ తప్పు లేదన్నంత మాత్రాన డబ్బు ఉంచుకోవచ్చని కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం చేయడానికి వీల్లేకుండా పోయిన ఒప్పందం రద్దవుతుంది. 65వ సెక్షన్ ప్రకారం దాని కింద పొందిన లాభాన్ని తిరిగి ఇవ్వాలి. బండికి, డీజిలుకు అప్పటికే పెట్టిన ఖర్చు మినహాయించమని వాళ్లు వాదిస్తారు, కమిషన్ కొంతవరకు ఒప్పుకోవచ్చు. ఖర్చు కాని మిగతాది మీదే.

ఆ కాగితంలోనే ఇంకో లోపం ఉంది. లేహ్ నుంచి పాంగాంగ్‌కు ఒక వైపే ఐదు గంటల ప్రయాణం. పోను, రాను పదిగంటలు. మూడు గోంపాలకు తలా గంట వేసినా పదమూడు. వాతావరణం ఎంత బాగున్నా, 63 ఏళ్ల మనిషి ఉన్న బృందంతో అది కుదిరే పని కాదు. కుదరదని తెలిసీ అమ్మడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి అని వాదించవచ్చు.

గైడు రాకపోవడం సూటి సేవాలోపం. దీనికి వాళ్ల దగ్గర సాకేమీ లేదు. గోంపా లోపల ఏ బొమ్మ ఏమిటో చెప్పేవాడు లేకపోతే చూసినా చూడనట్టే కాబట్టి, ‘గైడుతో’ అన్న మాటకు ధర ఉంది. లీగల్ నోటీసులోనే ‘గైడుకు ఎంత చెల్లించారు, రసీదు పంపండి’ అని అడగండి. చెల్లించలేదంటే ఆ డబ్బు వాళ్ల జేబులోనే ఉన్నట్టు.

అమ్మగారి విషయం బలమైనదే, కానీ జాగ్రత్తగా నడపాలి. లేహ్ సుమారు 11,500 అడుగుల ఎత్తు. విమానంలో దిగినవాళ్లు ఒళ్లు అలవాటు పడేదాకా కనీసం 48 గంటలు లేహ్‌లోనే ఆగాలన్నది లద్దాఖ్‌కు పోయేవారికి ఇచ్చే మామూలు హెచ్చరిక. చాంగ్‌లా 17,500 అడుగుల పైమాటే. దిగిన మర్నాడే అటు ఎక్కించే కార్యక్రమం వేసింది ట్రావెల్స్. చట్టంలో సేవాలోపానికి ఇచ్చిన నిర్వచనంలో నష్టం కలిగించిన నిర్లక్ష్యంతోపాటు, చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం కూడా ఉంది. వాట్సాప్ మాటల్లో ఎక్కడైనా ఎత్తు గురించి, విశ్రాంతి గురించి ఒక్క ముక్క ఉందేమో వెతకండి. లేకపోతే ఆ లేకపోవడమే మీకు సాక్ష్యం. ఎదుటివాళ్లు మాత్రం అమ్మగారికి ముందే ఆయాసమో గుండెజబ్బో ఉందని, మీరు చెప్పలేదని అంటారు. ఆసుపత్రి బిల్లు ఒక్కటి దీనికి చాలదు. జబ్బు ఎత్తు వల్ల వచ్చిందని రాసిన డిశ్చార్జి కాగితం, చేర్చినప్పటి ఆక్సిజన్ శాతం ఉన్న కేసు షీటు కావాలి. లేకపోతే ఆసుపత్రికి ఇప్పుడే ఈమెయిల్ పెట్టి తెప్పించుకోండి. అమ్మగారు డబ్బు కట్టకపోయినా సేవ పొందినవారు కాబట్టి ఆమె కూడా వినియోగదారే, ఫిర్యాదులో ఆమె పేరు తప్పకుండా ఉండాలి.

‘మేం ఏజెంట్లం’ అనే మాటకు జవాబు మీ రసీదులో ఉంది. అసలు యజమాని ఎవరో చెప్పకుండా ఒప్పందం చేసుకున్న ఏజెంటు తానే బాధ్యుడని కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ భావిస్తుంది. రసీదు, కాగితం, ఫోన్‌పే ఎంట్రీ అన్నిట్లో కడప పేరే ఉంటే వాళ్లొక్కరినే ఎదుటి పక్షం చేయండి. లేహ్ ఆపరేటరు పేరు వోచరులో అచ్చయి ఉంటే అతన్నీ చేర్చాలి. నోటీసు అందడానికి ఆలస్యమవుతుంది, కానీ చేర్చకపోతే ఆ అభ్యంతరంతో ఇంకా ఎక్కువ కాలం పోతుంది. బోర్డు మీది పేరు వేరు, యజమాని పేరు వేరు కావచ్చు. బిల్లులోని జీఎస్టీ నంబరును పోర్టల్లో వేస్తే చట్టపరమైన పేరు వస్తుంది, ఫిర్యాదులో అదే రాయండి. అసలు బిల్లే ఇవ్వలేదంటే అదీ అనుచిత వ్యాపార పద్ధతే, ఒక పేరా దానికీ కేటాయించండి.

‘నో రిఫండ్’ దగ్గర చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఆ షరతు ‘అన్యాయమైన ఒప్పందం’ అని ప్రకటించమని జిల్లా కమిషన్‌ను కోరతారు. ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌ది, కాబట్టి ఎదుటి లాయరు అక్కడే పట్టుకుంటాడు. మీరు సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అనే మాటలకే కట్టుబడండి. లోపమున్న సేవకు డబ్బు వాపసు ఇవ్వకపోవడాన్ని, బిల్లులో గడువు లేనప్పుడు 30 రోజుల్లో ఇవ్వకపోవడాన్ని, అనుచిత వ్యాపార పద్ధతిగా చట్టమే లెక్కేసింది.

హైదరాబాద్ షరతు మిమ్మల్ని ఆపదు. ఫిర్యాది నివసించే చోటే కేసు వేయవచ్చని వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. ప్రొద్దుటూరు వాళ్లకు కడప జిల్లా కమిషన్. మీరు కట్టింది 2,76,000. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షల వరకు, 5 లక్షల లోపు ఫీజే లేదు. అన్నావాళ్లూ మీరూ కలిసి ఒకే ఫిర్యాదు వేయవచ్చు. యాత్ర తేదీ నుంచి రెండేళ్లు గడువు. లీగల్ నోటీసు తప్పనిసరి కాదు, అయినా 15 రోజుల గడువు పెట్టి స్పీడ్ పోస్టులో పంపండి. ఈమధ్యలో వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేస్తే కొందరు అక్కడే దిగివస్తారు.

ఎంత అడగాలి? టికెట్ల మీద విమానం ఛార్జీ మనిషికి 18,000 అనుకుందాం. మిగిలిన 28,000 ఆరుగురికి 1,68,000. ఆరు రోజులకు పంచితే రోజుకు 28,000. ఆ 28,000, ఆసుపత్రి 9,400, మనోవేదనకు 40,000, ఖర్చులకు 10,000 అడగండి. మొత్తం వస్తుందని మాట ఇవ్వలేను. ఐదు లక్షలు అడిగితే మాత్రం మీ మిగతా లెక్కను కూడా ఎవరూ నమ్మరు.

ఫిర్యాదును వినియోగదారుల కేసులు ఆన్‌లైన్‌లో వేసే ఈ-జాగృతి పోర్టల్లో పెట్టవచ్చు, వీడియో ద్వారా హాజరు కావడానికీ కోరవచ్చు. ఎదుటి పక్షం జవాబుకు 30 రోజులు, మహా అయితే మరో 15. అంతకు మించి పొడిగించే వీలు లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. వాట్సాప్ చాటును స్క్రీన్‌షాట్లుగా కాక మొత్తంగా ఎక్స్‌పోర్ట్ చేసి, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయండి. ఫోన్లో ఆ రోజు తీసిన ఫోటోలను వాట్సాప్‌లో పంపుకుంటే సమయం వివరాలు చెరిగిపోతాయి, అసలు ఫైళ్లనే దాచండి.

నోటీసు అందాక వాళ్లు ఏ ఐదు వేలో ఫోన్‌పే చేసి ‘సెటిల్ అయింది’ అని మెసేజ్ పెట్టవచ్చు. చూసి ఊరుకోవద్దు. అదే రోజు అదే చాటులో ‘ఈ 5,000 మాకు రావలసిన దానిలో కొంత భాగంగా మాత్రమే జమ చేసుకున్నాం, మిగతా హక్కులు వదులుకోలేదు’ అని రాసి పంపండి. ‘ఫుల్ అండ్ ఫైనల్’ అని ఉన్న వోచరు మీద సంతకం మాత్రం పెట్టకండి.